ఫ్రెంచి రాకపోయినా ఫ్రెంచి మెలొదీ పాడటం ఎలా?

“కర్ణాటకం కొన్నేళ్లు నేర్చుకున్నాను. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. దెబ్యుసీదో, రవెల్‌దో ఒక పాట పాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. అమెరికాలో కాలేజీ చదువుతూ వాయిస్ క్లాసు తీసుకున్న పిల్లలు అడుగుతారు. ఇక్కడ పాశ్చాత్య సంగీతం గ్రేడు పరీక్షలకు కూర్చునేవాళ్లు, సినిమా కోరస్‌లో పాడేవాళ్లు కూడా అడుగుతారు. అందరికీ కలిపి ఒక్కచోటే చెబుతున్నాను.

మెలొదీ అంటే ఒక కవి రాసిన పద్యాన్ని తీసుకుని స్వరకర్త గొంతుకూ పియానోకూ కలిపి కట్టిన పాట. పియానో ఇందులో వెనక నిలబడే పక్కవాద్యం కాదు, సగం పాట దానిదే. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్లలో ఫోరే, దెబ్యుసీ, రవెల్, రేనాల్దో ఆన్, లిలీ బులాంజే, అప్పటికింకా కుర్రాడైన పులెంక్ ఇలాంటివి ఎన్నో రాశారు. సిద్ధాంతం ఇంతవరకే చాలు.

పనిలో సగం మాటలది. యూట్యూబ్‌లో విని ట్యూన్ పట్టుకుని, మాటలు తర్వాత అతికించుకుందాం అనుకునేవాళ్లకు చివరికి రెండూ సరిగా రావు. కాబట్టి కింద ఇచ్చిన వరుస మార్చకండి.

కావలసినవి

• స్వరలిపి: ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. దెబ్యుసీ 1918లో, ఫోరే 1924లో, రవెల్ 1937లో పోయారు. 1963లో పోయిన పులెంక్ పాటలకూ 2024 నుంచి ఇక్కడ అడ్డు లేదు. యూరప్‌లో ఈ గడువు 70 ఏళ్లు, అక్కడ ఉన్నవాళ్లు పులెంక్ పుస్తకం కొనుక్కోవాలి. కవి పోయిన సంవత్సరం కూడా చూసుకోండి, పద్యం హక్కు వేరు.
• పద్యానికి మాటమాటకూ అర్థం: లీడర్‌నెట్ ఆర్కైవ్‌లో చాలా పాటలకు ఇంగ్లీషు అనువాదాలున్నాయి.
• కీబోర్డు: ట్యూన్ నేర్చుకోవడానికి 61 మీటలది సరిపోతుంది. పియానో భాగం వాయించాలంటే 88 మీటలు, పెడల్ ఉండాలి.
• పెన్సిలు, చేతి అద్దం, ఫోన్‌లో రికార్డర్, మెట్రోనోమ్ యాప్.

తంబురా యాప్ మాత్రం ఆపేయండి. ఎందుకో 5వ మెట్టులో చెబుతాను.

1. పాట ఎంచుకోండి

మొదటి పాట చిన్నదిగా, నెమ్మదిగా ఉండాలి. నా సలహా పులెంక్ ‘ల బెస్త్యేర్’లోని చివరి పాట ‘ల కార్ప్’. 1919లో, ఇరవై ఏళ్ల వయసులో, సైనిక సేవలో ఉండగా అపొలినేర్ పద్యాలకు అతను కట్టిన ఆరు పాటల్లో ఇదొకటి. ఆరూ కలిపి పాడినా దాదాపు అయిదు నిమిషాలే. ‘ల కార్ప్’ పద్యం నాలుగే పాదాలు. చెరువులో కార్ప్ చేపను చూసి, ఎంతకాలం బతుకుతావే, చావు నిన్ను మరిచిపోయిందా అని అడగడం. (మన బొచ్చె కూడా ఆ కుటుంబం చేపే.) పియానో మొదటినుంచి చివరిదాకా ఒకే వరస తిప్పుతూ ఉంటుంది కాబట్టి తప్పిపోయే భయం తక్కువ.

అది నచ్చకపోతే రేనాల్దో ఆన్ ‘ఆ క్లోరిస్’ తీసుకోండి. 1910ల నాటి పాటే అయినా పాతకాలపు నడక, వినగానే పట్టుకుంటుంది. దెబ్యుసీయే కావాలని పట్టుబడితే ‘బో స్వార్’. అది పంతొమ్మిదో శతాబ్దంలో రాసిందే, అయినా దెబ్యుసీలోకి దిగడానికి అంతకన్నా తేలిక మెట్టు లేదు. మగ గొంతు, కాస్త బరువైన బారిటోన్ అయితే ఫోరే ‘లోరిజోఁ షిమేరిక్’ (1921) లోంచి ఒకటి. ఆ కవి ల వీల్ ద మీర్‌మోఁ 1914 యుద్ధంలో 27 ఏళ్లకే చనిపోయాడు. నాలుగింట్లో మూడు సముద్రం చుట్టూ తిరిగే పాటలే.

మొదటిసారికి ముట్టుకోకూడనివి: దెబ్యుసీ 1913లో మలార్మే పద్యాలకు కట్టినవి, రవెల్ ‘ఇస్త్వార్ నాత్యురెల్’. పేరున్న గాయకులే వీటికి టెన్షన్ పడతారు.

హెచ్చరిక: పాట మీ గొంతుకు ఎత్తయితే శ్రుతి దించుకోవచ్చు. ఫోరే పాటలు ఎత్తు గొంతుకూ మంద్ర గొంతుకూ వేరువేరు శ్రుతుల్లో అచ్చయ్యాయి. అంతే తప్ప పియానో మామూలు శ్రుతిలో ఉండగా మీరు ఎత్తు స్వరాలను కింది స్థాయికి మార్చుకుని పాడకండి.

2. ప్రతి మాటకూ అర్థం రాసుకోండి

మొత్తం పద్యానికి భావం తెలిస్తే చాలదు. ఏ స్వరం మీద ‘చావు’ అనే మాట వస్తోంది, ఏ స్వరం మీద ‘మరిచిపోవడం’ వస్తోంది అన్నది తెలియాలి. ఫ్రెంచి మాట కింద తెలుగు మాట పెన్సిలుతో రాయండి. వాక్యం ఎక్కడ ఆగుతుందో, కామా ఎక్కడుందో గుండ్రంగా చుట్టండి. తర్వాత ఊపిరి తీసుకోవాల్సిన చోట్లు అవే.

సరిచూసుకోండి: పుస్తకం మూసి, పద్యం ఏం చెబుతోందో పాదం పాదంగా ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. ఏదైనా పాదం దగ్గర తడుముకుంటే ఇంకా పాటలోకి వెళ్లొద్దు.

3. ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకోండి

ఇక్కడ ఎక్కువసేపు ఉండండి. తెలుగు నోటికి ఇందులో కొన్ని వరాలున్నాయి, కొన్ని ఉచ్చులున్నాయి.

వరాలు ముందు. ఫ్రెంచి ‘త’, ‘ద’లు మన త, ద లాగే పళ్లకు తగిలేవి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి చాలు. ప, త, క లకు ఇంగ్లీషులోలా గాలి వదలక్కర్లేదు. ఇక ‘ర’. పారిస్ వీధుల్లో గొంతు లోపలినుంచి వచ్చే ర వింటారు కదా, ఈ పాటల సంప్రదాయంలో అది కాదు, నాలుక కొసతో ఒక్కసారి కొట్టే ర. అంటే అచ్చంగా మనదే. గొంతు గీరుకుంటూ సాధన చేస్తున్నవాళ్లు ఈ క్షణమే మానేయండి.

ఇప్పుడు ఉచ్చులు.

ముక్కు అచ్చులు. ఫ్రెంచిలో ‘దాఁ’, ‘లోఁ’ లాంటివి అడుగడుగునా వస్తాయి. వీటిని రాసేటప్పుడు సున్న పెట్టకండి, అరసున్న పెట్టండి. సున్న కనిపిస్తే తెలుగు నోరు దానంతటదే ‘దాన్’, ‘దామ్’ అనేస్తుంది. హిందీ ‘హాఁ’, ‘మైఁ’ పలికినట్టు, చివర న్ గానీ మ్ గానీ లేకుండా పలకాలి.
సరిచూసుకోండి: ‘దాఁ’ను నాలుగు లెక్కలు పట్టి, మధ్యలో ముక్కు మూయండి. శబ్దం పూర్తిగా ఆగిపోతే మీరు పాడుతున్నది ‘న్’ లేదా ‘ఙ్’. మూసినా శబ్దం కాస్త మారి కొనసాగితే సరైనదే. అద్దంలో చూస్తే నాలుక కొస కింది పళ్ల వెనకే ఉండాలి.

ఫ్రెంచి ‘యు’. ఆ ఒక్క అక్షరం ఊ కాదు, యూ కూడా కాదు. ‘ఈ’ అంటూ, నాలుక కదలకుండా పెదాలు మాత్రం ఈల వేసేంత గుండ్రంగా చేయండి. ‘ఆ క్లోరిస్’ మొదటి పాదంలోనే ‘నువ్వు’ అనే అర్థంలో వచ్చే మాట ఇదే అచ్చుతో ఉంది. ‘త్యూ’ అన్నారంటే తప్పు. ‘ఓ, యు’ పక్కపక్కన వస్తే మాత్రం మామూలు ‘ఊ’. దాన్ని ‘ఈ’ అని రాసుకుని, పైన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటే కలగాపులగం కాదు.

జ, వ. రెండు మాటలు కలిసేచోట వచ్చే ‘జ’ను ‘జడ’, ‘జోల’లో పలికే జ నుంచి ముందున్న ద్-ధ్వని తీసేసి, బుసలాగా పలకండి. వకారానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. మన వ మరీ మెత్తన.

మాట చివరి హల్లు. తెలుగు నోటికి మాట హల్లుతో ఆగడం ఇష్టం ఉండదు. బస్ మనకు బస్సు, కార్ కారు. అదే అలవాటుతో ‘మొర్’ (చావు) ‘మొర్రు’ అయిపోతుంది, ‘బెల్’ ‘బెల్లె’ అవుతుంది. హల్లు దగ్గర ఆగండి, ఒత్తు పెట్టకండి.

మూగ ‘ఎ’. మాట చివర రాతలో ఉండి, మాటల్లో సాధారణంగా మింగేసే ‘ఎ’ ఉంటుంది. పాటలో దానికి స్వరకర్త ప్రత్యేకంగా ఒక స్వరం ఇస్తే, పెదాలు కొద్దిగా గుండ్రం చేసిన ‘అ’లా, తేలిగ్గా పలకాలి. స్వరం ఇవ్వకపోతే పలకకూడదు. మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదిది. రవెల్ ‘ఇస్త్వార్ నాత్యురెల్’ను 1907 జనవరిలో గాయని జాన్ బతోరీ తొలిసారి పాడినప్పుడు గొడవ అయిందే ఇలాంటి విషయం మీద. మాట్లాడే ఫ్రెంచిలోలా రవెల్ ఆ మూగ అచ్చులను మింగించాడని సభలో చాలామందికి నచ్చలేదు. కాబట్టి ఏ అచ్చుకు స్వరం ఉందో లిపిలో ఒక్కొక్కటీ చూసుకోండి.

‘ల కార్ప్’ మొదటి రెండు పాదాలు నేనైతే ఇలా రాసుకుంటాను:

దాఁ – వో – వి – వ్యే – దాఁ – వో – జే – తాఁ
కార్ – ప – క – వూ – వి – వే – లోఁ – తాఁ

రెండో పాదంలో ‘ప’, ‘క’లలో ఉన్నది ఇప్పుడు చెప్పిన గుండ్రటి ‘అ’. మొదటి పాదంలో ‘జే’ ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? ముందు మాట చివర మూగగా ఉన్న హల్లు, తర్వాతి మాట అచ్చుతో మొదలైంది కాబట్టి లేచి కలిసింది. మనకు సంధి కొత్త కాదు కదా. అయితే అన్నిచోట్లా కలపకండి. ‘మరియు’ అనే అర్థమున్న ‘ఏ’ తర్వాత ఎప్పుడూ కలవదు.

సరిచూసుకోండి: వేళ్లు మడుస్తూ చదవండి. ప్రతి పాదానికీ ఎనిమిదే రావాలి. ఏడొస్తే మూగ ఎ మింగేశారు. తొమ్మిదొస్తే చివర మన ఉకారమో ఇకారమో చేరింది.

ప్రత్యామ్నాయం: అనువాద యాప్ గొంతు విని నేర్చుకోకండి, అది మాట్లాడే ఫ్రెంచి చదువుతుంది. హైదరాబాద్‌లో ఉంటే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లోనో, ఇఫ్లూలోనో ఫ్రెంచి చదివేవాళ్లు దొరుకుతారు. పద్యాన్ని నెమ్మదిగా చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ర, మూగ ఎ విషయంలో మాత్రం లిపినే నమ్మండి.

4. స్వరం లేకుండా లయలో చదవండి

మెట్రోనోమ్ పెట్టి, ట్యూన్ లేకుండా, స్వరలిపిలో ఉన్న లయకు మాటలు చదవండి. ఇది బోరుగా ఉంటుంది. అందుకే అందరూ దాటేస్తారు, అందుకే అందరికీ ఇక్కడే దెబ్బ తగులుతుంది.

దెబ్యుసీ, రవెల్ పాటలు వింటే మాట్లాడుతున్నట్టు తీరుబడిగా ఉంటాయి. దాంతో గాయకుడు తనకు తోచినట్టు సాగదీస్తున్నాడని అనుకుంటాం. కాదు. ఆ తీరుబడి మొత్తం కాగితం మీద రాసి ఉంది, రెండు తర్వాత మూడు, మూడు తర్వాత రెండు అంటూ. పౌరాణిక నాటకంలో పద్యం చివర రాగం తీసే అలవాటున్నవాళ్లు ఇక్కడ చేతులు కట్టుకోవాల్సిందే. ఫోరే అయితే తన పాటల్లో కాలప్రమాణం అటూ ఇటూ కాకూడదని గట్టిగా పట్టుబట్టేవాడు.

ఇంకో సంగతి. తెలుగులో దీర్ఘం, హ్రస్వం మాట స్వభావం. ఇక్కడ అచ్చు ఎంతసేపన్నది స్వరమే చెబుతుంది. నేను పైన దీర్ఘాలు రాసింది అచ్చు రంగు కోసమే, సాగదీయమని కాదు. మాట మధ్యలో ఎక్కడా ఊనిక వేయకండి, పదబంధం చివరికి తేలిగ్గా జరిగిపోండి.

5. ఇప్పుడు ట్యూన్

ఒక్కో పదబంధాన్ని కుడిచేత్తో వాయిస్తూ ముందు ‘ల’కారంతో, తర్వాత మాటలతో పాడండి.

కర్ణాటకం నేర్చుకున్నవాళ్లకు అసలు కష్టం ఇక్కడుంది. మనం షడ్జమాన్ని నేలలా పెట్టుకుని దాని మీద నడుస్తాం. ఈ పాటల్లో నేల కదులుతుంది. ఒక్క పాదంలోనే ఆధారం రెండుసార్లు మారొచ్చు, అసలు ఉందా అని అనుమానం రావచ్చు. తంబురా పెట్టుకుంటే ప్రతి స్వరమూ అపస్వరంలా వినిపిస్తుంది, మీరు తెలియకుండానే దాన్ని తంబురా వైపు జరుపుతారు.

మరి ఆధారం ఏది? పియానోయే. మీరు పాడబోయే మొదటి స్వరం, దానికి ముందు పియానోలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక వేలికింద తరచుగా దొరుకుతుంది. దాన్ని వెతికి పెన్సిలుతో చుట్టండి, మీ స్వరానికి గీత కలపండి. దొరక్కపోతే దానికి పక్క స్వరాన్ని చుట్టి, ఒక మెట్టు పైకా కిందికా అన్నది రాసుకోండి. మీ పాట మొత్తానికి ఇలా ప్రతి ప్రవేశానికీ చేయండి. గంటసేపు పడుతుంది, తర్వాత భయం ఉండదు.

గమకం వద్దు. కంపితం వద్దు. స్వరం నుంచి స్వరానికి జారడం కూడా వద్దు, లిపిలో రాసి ఉంటే తప్ప. నిలబెట్టిన స్వరంలో సహజంగా వచ్చే చిన్న కదలికను మాత్రం చంపుకోకండి, అది లేకపోతే గొంతు బిగుస్తుంది.

సినిమా పాట అలవాటున్నవాళ్లకు వేరే ఉచ్చు: మైకు. ఈ పాటలు మైకు లేకుండా గదిలో చివరి కుర్చీదాకా వినిపించాలి. లిపిలో ‘చాలా మెల్లగా’ అని ఉన్నా గాలి కలిపిన గుసగుస పనికిరాదు.

సరిచూసుకోండి: మొదటి స్వరం తీసుకుని, ఒక పాదం పియానో లేకుండా పాడి, చివరి స్వరం మీద మీట నొక్కండి. కలిస్తే వచ్చినట్టే. దిగిపోతే ఎక్కడ దిగారో రికార్డింగులో వెతకండి. సాధారణంగా పెద్ద గెంతు దగ్గర కాదు, వరుసగా కిందికి దిగే చిన్న మెట్ల దగ్గరే జారుతుంది.

6. లిపిలోని ఫ్రెంచి సూచనలు చదవండి

ఇటాలియన్ మాటలకు అలవాటుపడ్డ కళ్లు వీటిని దాటేస్తాయి. ముఖ్యమైనవి ఇవి:

• సెదే: కాస్త నెమ్మదించండి
• సెరే: వేగం పెంచండి (రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, అర్థం తలకిందులు. దెబ్యుసీ పాటల్లో దీనివల్ల గాయకుడొక దారి, పియానిస్టు ఒక దారి అవుతారు)
• రెతన్యు: పట్టి ఉంచండి
• ఓ మూవ్‌మాఁ: మొదటి వేగానికి రండి
• సాఁ రలాఁతీర్: నెమ్మదించకుండా. పాట చివర ఇది కనిపిస్తే తప్పకుండా పాటించండి, ముగింపులో సాగదీయడం అందరికీ ఉన్న జబ్బే
• దూ: మృదువుగా

7. పియానోతో కలపండి

పియానిస్టుతో మొదటిసారి కూర్చున్నప్పుడు పాడకండి. వాళ్లు వాయిస్తుంటే మీరు మాటలు లయలో చదవండి. రెండోసారి పాడండి. మీరు పాడనిచోట కూడా పియానో ఏం చెబుతోందో వినండి, మీ చివరి స్వరం తర్వాత పియానో ఇంకా మిగిలి ఉంటే అది అయ్యేదాకా పాట అయిపోలేదు. కాగితం మడవకండి, చిరునవ్వు నవ్వకండి.

పియానిస్టు దొరక్కపోతే మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పియానో భాగం ఎక్కించి నెమ్మదిగా వాయించుకోండి. ‘ల కార్ప్’ లాంటిది ఒక సాయంత్రంలో ఎక్కించేయొచ్చు. నెట్‌లో దొరికే కరోకే ట్రాకులు వాడితే ముందు అది మీ లిపి శ్రుతిలోనే ఉందో లేదో మొదటి స్వరం నొక్కి చూడండి.

‘ల బెస్త్యేర్’ పాడేవాళ్లకు ప్రత్యేకంగా: పాటలు ఒంటె, మేక, మిడత మీద కదా అని నవ్వు తెప్పించేలా కళ్లు తిప్పకండి. వ్యంగ్యంగా పాడితే పాట అర్థమే పోతుందని పులెంకే చెప్పాడు. గంభీరంగా పాడితేనే అందులోని చమత్కారం బయటికొస్తుంది.

8. పెద్దల పాట ఇప్పుడు వినండి

మొదట్లోనే వింటే అనుకరణ అంటుకుంటుంది, అందుకే చివర పెట్టాను. మేరీ గార్డెన్ పాడుతుంటే స్వయంగా దెబ్యుసీ పియానో వాయించిన 1904 రికార్డులున్నాయి. గరగర ఎక్కువ, అయినా మాట ఎంత తేలిగ్గా పలుకుతుందో గమనించండి. ఫోరే ‘లోరిజోఁ షిమేరిక్’ అంకితం పొందిన శార్ల్ పాంజెరా రికార్డింగులు, పులెంక్ పియానోతో పియేర్ బెర్నాక్ పాడినవి కూడా వెతకండి. లిపి ముందు పెట్టుకుని, వాళ్లు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా గీత పెట్టండి. మీ గీతలతో పోల్చండి. కామా లేనిచోట మీరు తీసుకుంటుంటే అది ఊపిరి సమస్య, అర్థం సమస్య కాదు. ఆ పదబంధాన్ని చివరినుంచి రెండేసి మాటలు వెనక్కి పెంచుకుంటూ సాధన చేయండి.

9. బయటివాళ్లతో పరీక్ష

మీ రికార్డింగును ఫ్రెంచి తెలిసినవాళ్లకు, పద్యం ముందు చూపకుండా వినిపించండి. “బాగుందా?” అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. “ఏ మాటలు వినిపించాయి, రాసివ్వండి” అనండి. వాళ్లు ఖాళీ వదిలిన చోట్లే మీ తర్వాతి వారం పని. అవి సాధారణంగా ముక్కు అచ్చులు, ఆ ‘యు’.

తర్వాత ఏ పాట?

‘ల కార్ప్’ కుదిరితే మిగిలిన అయిదూ వరుసగా చేయండి. ఆ తర్వాత రవెల్ అయిదు గ్రీకు జానపద పాటలు (1904–06), చిన్నవి, గొంతుకు హాయి. వాటి తర్వాత, కర్ణాటకం వచ్చినవాళ్లు ప్రత్యేకంగా మొరీస్ దెలాజ్ ‘కాత్ర్ పొయెమ్ ఎఁదూ’ చూడండి. మన దేశంలో చేసిన పర్యటన ప్రభావంతో 1912–13లో రాశాడు. నాలుగు పాటలకూ మద్రాస్, లాహోర్, బెనారస్, జైపూర్ అని ఊళ్ల పేర్లు పెట్టాడు, అందులో రెండింటికి మాటలు భర్తృహరి శ్లోకాల ఫ్రెంచి అనువాదాలు. అసలు రాసింది గొంతుకూ చిన్న వాద్యబృందానికీ, పియానోతో పాడుకునే రూపమూ ఉంది. లాహోర్ పాటలో మాటల్లేకుండా సాగే పొడవైన భాగం ఉంటుంది. అక్కడ కూడా ఆయన రాసిన స్వరాలే పాడండి, మీ సంగతులు కలపకండి.